పడేవాళ్ళ వాటా

ఫిబ్రవరి 3, సోమవారం

కోపంతో రాయడం లేదు. ఇంట్లో వినేవాళ్ళు లేరు కాబట్టి రాస్తున్నాను. ఆయన గూడ్స్ బండి తీసుకుని వెళ్ళాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. అత్తయ్యతో చెబితే ఉన్నపళంగా చెప్పులేసుకుని అన్నయ్య ఇంటి మీదికి యుద్ధానికి పోతుంది.

పొద్దున లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం. అన్నయ్య, కర్ర, నేను. కర్రసాము చేస్తాడని టీమంతా అతన్ని కర్ర అనే పిలుస్తారు. తాళంచెవులు చేసే కొట్టు పైన ఆవిడ ఆఫీసు. కింద ఆకురాయి గీస్తుంటే పైన సగం మాటలే వినిపిస్తాయి. బల్ల ముందు రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో అన్నయ్య, ఒకదాంట్లో కర్ర కూర్చున్నారు. ఇంకో కుర్చీ కోసం లాయరమ్మే లేచి అటూ ఇటూ చూసింది.

"పర్లేదండీ, తనకి అలవాటే" అన్నాడు అన్నయ్య.

ఏది అలవాటు? నిలబడటమా? పదిహేనేళ్ళుగా నా పని పడటం.

పెద్ద థియేటర్ వాళ్ళు ఏడాది పొడవునా మా ఫైట్ల ప్రదర్శన పెట్టుకుంటామంటున్నారు. ఇన్నాళ్ళూ కాలేజీల్లో, ఎగ్జిబిషన్లలో, షాపుల ముందు గుమిగూడిన జనం మధ్య తన్నుకుని బతికినవాళ్ళం. అలాంటిది తెరా, లైట్లూ, టికెట్టూ! కానీ వాళ్ళు మొదట అడిగిన మాట, "ఇంతకీ మీరెవరు?" కాగితం మీద మేం ఎవరమూ కాదు. నెలాఖరులోగా ఎవరో ఒకరం కావాలి.

లాయరమ్మ అన్నయ్యకు ఓపిగ్గా చెప్పింది. "మీ ఒక్కరి పేరు మీదే పెట్టుకుంటే సొంత వ్యాపారం, మాస్టర్ గారూ. వచ్చేదంతా మీదే, నెత్తిమీద పడేదీ మీదే. కలిసి పెడితే భాగస్వామ్యం. అందులో ఒకరు చేసిన తప్పు అందరి మెడకీ చుట్టుకుంటుంది, ఇల్లూ వాకిలీ కూడా లాగుతుంది. కంపెనీ పెడితే అది వేరే మనిషి కింద లెక్క. దావా వేస్తే సాధారణంగా దాని మీదే వేస్తారు. కాకపోతే దానికి చాకిరీ ఎక్కువ, ఏటేటా లెక్కలు చూపించాలి."

"అంటే దెబ్బలు కాయడానికి పెట్టుకున్న మనిషన్నమాట. నాలాగ" అన్నాను.

లాయరమ్మ నవ్వింది. కర్ర కూడా నవ్వాడు. అన్నయ్య మాత్రం నా చేతిలోని ఫోటోల ఆల్బం ఇటివ్వమన్నాడు.

"టీమ్‌లో ముఖ్యులు ఎవరెవరు?" అని అడిగింది ఆవిడ.

"నేనూ, వీడూ."

"మరి ఈవిడ?"

"మా చెల్లెలు."

"చెల్లెలు సరే. ఏం చేస్తారు?"

అన్నయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "పడుతుంది" అన్నాడు.

ఫిబ్రవరి 4, మంగళవారం

పడుతుందట.

ఫిబ్రవరి 6, గురువారం

ఇవాళ ప్రాక్టీసులో అన్నయ్య గాల్లోకి లేచి తిరిగి తన్నాడు. ఎప్పటిలాగే వాడి మడమ నా చెవి పక్క నుంచి జానెడు దూరంలో పోయింది. ఎప్పటిలాగే నేను ఎగిరి వెనక్కి పడి, రెండు దొర్లులు దొర్లి, గోడ దగ్గర ఆగాను. గోదాంలోకి తొంగిచూసిన ఆటోవాళ్ళు "అబ్బా! ఏం తన్నాడ్రా" అన్నారు.

ఆ "ధన్"మన్న చప్పుడు వాడి కాలిది కాదు, నా తొడ మీద నా అరచేతిది. ఆ ఎగరడం వాడి బలం కాదు, నా నడుము. నేను లేకపోతే వాడు గాల్లో గిరగిరా తిరిగే ఒక పెద్దమనిషి, అంతే. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అనను కూడా. నాకు పేరు మీద మోజు లేదు.

ప్రాక్టీసయ్యాక పిచ్చుక వచ్చి నా పక్కన చతికిలపడింది. టీమ్‌లో అందరికంటే చిన్నది, అందరికంటే తేలిక. గాల్లో ఉన్నంతసేపు దానికి ఎముకలున్నాయని తెలియదు. "బంతక్కా, బాల్కనీ మీంచి పడటం నాకెప్పుడు నేర్పుతావు?" అంది. పడ్డ వెంటనే లేస్తానని టీమంతా నన్ను బంతి అంటారు.

"ముందు బల్ల మీంచి సరిగ్గా పడు."

"బల్ల మీంచి పడీ పడీ విసుగొచ్చింది."

"విసుగొచ్చాకే వస్తుంది విద్య."

మూతి ముడుచుకుంది. గుడ్డు పగలక ముందే ఎగరాలనుకునే రకం.

ఇంటికొచ్చాక అత్తయ్య రోజూ అడిగేదే అడిగింది. "ఏమ్మాయ్, పెద్ద థియేటరంటున్నారు. నీకు జీతమా, వాటానా?" నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. కొలత తీసుకోకుండా గుడ్డ కోయదు. "అన్నయ్య చూసుకుంటాడు అత్తయ్యా" అన్నాను. "చూసుకుంటాడు, చూసుకుంటాడు. ఎవర్ని చూసుకుంటాడో నేనూ చూస్తా" అంది.

ఫిబ్రవరి 10, సోమవారం

శనివారమే సంతకాలు అయిపోయాయి. భాగస్వామ్యం. అన్నయ్య, కర్ర.

వదిన చెబితే తెలిసింది. గోదాం వెనక గదిలో ఉతికిన దుస్తులు మడతపెడుతూ మామూలుగా అనేసింది. "అదేంటి, మీ అన్నయ్య చెప్పలేదా? అయ్యో, మర్చిపోయుంటారు."

"సంతకాలు మర్చిపోయాడా, నన్ను మర్చిపోయాడా?"

"అలా మాట్లాడతావేంటి? నువ్వు పరాయిదానివా? కర్ర బయటివాడు కాబట్టి రాయాల్సొచ్చింది. ఇంటి మనుషుల మధ్య కాగితాలేంటి?"

బాగుంది. బయటివాడికి బయటివాడు కాబట్టి కాగితం. నాకు ఇంటి మనిషిని కాబట్టి కాగితం లేదు. మరి నాన్న ఇల్లు అన్నయ్య తన పేర రాసుకున్నప్పుడో? అప్పుడు పెళ్ళయి వెళ్ళిపోయాను కాబట్టి నేను బయటిదాన్ని. ఇంట్లో ఉండాల్సినప్పుడు బయట, బయట ఉండాల్సినప్పుడు ఇంట్లో. నన్ను గుమ్మం మీద నిలబెట్టి తలుపు ఎటు కావాలంటే అటు వేసుకుంటున్నారు.

ఈ మాటలు వదినతో అనలేదు. దారిలో తట్టాయి. సమయానికి తట్టని మాటలకు బస్సెక్కాక ఎంత పదునో!

ఫిబ్రవరి 11, మంగళవారం

నాకు కాగితాలతో పని లేదు. పని చేసేవాళ్ళకు పనే కాగితం.

ఫిబ్రవరి 12, బుధవారం

కర్ర కొత్త విజిటింగ్ కార్డులు కొట్టించాడు. 'భాగస్వామి' అని పేరు కింద బంగారు రంగులో. నాకొకటి ఇచ్చాడు! "ఉంచుకో బంతీ, ఎవరైనా అడిగితే ఇద్దువుగాని" అన్నాడు. తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నాను?

ఫిబ్రవరి 13, గురువారం

ఇవాళ నేను పడలేదు.

థియేటర్ మేనేజర్ ప్రాక్టీసు చూడటానికి వచ్చాడు. గోదాం మధ్యలో ఆయనకు కుర్చీ వేశారు. ఆయన వస్తున్నాడని వదిన నేలంతా తడిగుడ్డతో తుడిపించింది. మొదట కర్ర తన కర్ర తిప్పాడు, తర్వాత పిచ్చుక గాల్లో పల్టీలు కొట్టింది. ఆఖరున అన్నయ్య ముగ్గురితో పోరాడే అంశం. ముగ్గురిలో చివరిదాన్ని నేను.

ముందే అనుకుని చేశానా? లేదు. నిజంగా లేదు. వాడు గాల్లోకి లేచేదాకా నేను పడబోయేదాన్నే. మడమ చెవి పక్క నుంచి పోయింది. నా చెయ్యి తొడ మీదికి వెళ్ళలేదు. నా నడుము కదల్లేదు. తలుపు సందులోంచి గాలి వచ్చినట్టయింది, అంతే.

వాడు నేల మీద దిగి, పిడికిలి బిగించి, గెలిచిన భంగిమలో నిలబడ్డాడు. ఎదురుగా నేనూ నిలబడే ఉన్నాను. పాట మోగుతూనే ఉంది.

"పడు" అన్నాడు పెదాలు కదపకుండా.

"పడను."

మళ్ళీ తన్నాడు. చెదిరిన జుట్టు సర్దుకున్నాను. కర్ర పరుగెత్తుకొచ్చి నా భుజం మీదుగా కర్ర ఊపాడు. అది బుయ్యిమంటూ వెళ్ళి ఆగింది. వాడి వైపు చూశాను. పాపం, ఇక ఏం చెయ్యాలో తెలియక కర్రను చూసుకున్నాడు. పిచ్చుక నోట్లో తువ్వాలు కుక్కుకుంది. అన్నయ్య ముఖం ఎర్రబడింది. మూడోసారి తన్ని, ఊపు ఎక్కువై, తనే తూలాడు.

అప్పుడు మేనేజర్ చప్పట్లు కొట్టాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. "అద్భుతం మాస్టర్! ఈ హాస్యం మొన్నటి వీడియోలో లేదే? ఇది మాత్రం తియ్యకండి, రోజూ ఉండాల్సిందే."

హాస్యమట! పదిహేనేళ్ళలో మొదటిసారి నా కాళ్ళ మీద నేను నిలబడితే, దాన్నీ వాళ్ళ ఆటలో కలిపేసుకున్నారు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

అన్నయ్య వచ్చాడు. అత్తయ్య మంచినీళ్ళిచ్చి, లోపలికి పోకుండా ఎదురుగానే కూర్చుని ఉల్లిపాయలు ఒలవడం మొదలుపెట్టింది.

"నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావు" అన్నాడు.

"నచ్చిందన్నాడుగా ఆయన."

"వంకర మాటలు వద్దు. ఏం కావాలి నీకు? జీతం పెంచాలా?"

"నన్ను అడగాల్సింది."

"ఏమని?"

"ఏమనో నీకు తెలియకపోతే నేను చెప్పినా తెలియదు."

"చూడు, నాన్న పోయాక నిన్ను వెంటేసుకుని తిప్పింది నేను. విద్య నేర్పింది నేను. టీమ్ పెట్టింది నేను. ఇప్పుడు కాగితం మీద రెండక్షరాల కోసం నా మీదే తిరగబడతావా?"

"నువ్వు నాకు తన్నడం నేర్పావు అన్నయ్యా. పడటం నువ్వు నేర్పలేదు, నీకే రాదు."

ఆ మాట వాడికి తగిలింది. ఇన్నేళ్ళలో వాడి కాలు నాకు తగల్లేదు గానీ నా మాట వాడికి తగిలింది. లేచాడు.

"నువ్వు పడకపోతే ఇక పడేవాళ్ళే లేరనుకున్నావా?"

"వెతుక్కో."

వెళ్ళిపోయాడు. అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలకే అంది.

ఫిబ్రవరి 17, సోమవారం

నా బదులు గోదాం బాల్కనీ మీంచి పిచ్చుక పడుతుందట. కర్ర ఫోన్ చేసి చెప్పాడు, నన్ను ఉడికించడానికో, భయపడో.

నాకేం సంబంధం లేదు.

అయినా ఫోన్ చేశాను. అది ఉత్సాహంతో ఉక్కిరిబిక్కిరి అవుతోంది. "మాస్టరే చెప్పారక్కా. నేను చెయ్యగలనన్నారు. నువ్వేం అనుకోవుగా?"

"నేనేం అనుకుంటాను? గడ్డం గుండెకి ఆనించు. ఊపిరి వదిలెయ్."

"తెలుసక్కా, చూస్తూనే ఉన్నాగా నిన్ను."

అంతే మాట్లాడాను. అంతకంటే చెప్పాల్సింది ఏముంది?

ఫిబ్రవరి 19, బుధవారం

పిచ్చుక పడింది. మెడ కింద ఎముక విరిగింది. తలకు దెబ్బ తగల్లేదట.

ఫిబ్రవరి 20, గురువారం

ఆసుపత్రికి వెళ్దామనుకున్నాను. బస్సులు లేవు.

నాకేం సంబంధం లేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

బస్సులున్నాయి. నిన్న కూడా ఉన్నాయి.

మంచం మీద అది ఇంకా చిన్నగా కనిపించింది. ఒక చెయ్యి ఛాతీకి కట్టేశారు. నన్ను చూసి నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది. "గడ్డం ఆనించానక్కా. ఊపిరీ వదిలేశాను. మ్యాట్ల మధ్య సందు ఉంది. భుజం అందులోకి పోయింది."

బాల్కనీ ఎక్కే ముందు నేను ప్రతిసారీ కింద మ్యాట్ల అంచుల మీద నడుస్తాను. అతుకు అతుకూ కాలితో తొక్కి చూస్తాను. వదులైన చోట టేపు వేస్తాను. అందరూ అది నాకున్న పట్టింపు అనుకుంటారు. సోమవారం ఫోన్లో ఆ సంగతి దానికి చెప్పలేదు. అది అడగలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఇది ఇంకోసారి చదివాను. 'అడగలేదు కాబట్టి చెప్పలేదు.' ఎంత బాగా రాశాను! కర్ర కార్డు మీద అచ్చు వేయించుకోవచ్చు.

వాళ్ళమ్మ క్యాంటీన్లో వంట చేస్తుంది, పని మధ్యలోంచి వచ్చినట్టుంది, జుట్టుకు వలటోపీ ఇంకా తియ్యలేదు. గట్టిగా అరవలేదు. "ఎవరమ్మా మా పిల్లకి జవాబుదారీ? మాస్టర్ని అడిగితే కర్రని అడగమంటాడు, కర్రని అడిగితే నేను పేరుకే అంటాడు. పడమన్నవాళ్ళెవరో ఒకరుండాలి కదా?" అంది. ఒక లాయర్‌తో మాట్లాడానని కూడా చెప్పింది. మంచి పని చేశారు అన్నాను. బయటికొచ్చాక మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

కోపం ఇంకా దిగలేదు. దీని కోసమే డైరీలు ఉంటాయేమో, అది దిగేదాకా రాయడానికి.

మధ్యాహ్నం అన్నయ్యా వదినా ఇద్దరూ వచ్చారు. వదిన చేతిలో పళ్ళు. పళ్ళు చూడగానే నాకు అనుమానం వచ్చింది. మా వదిన ఊరికే పళ్ళు తేదు.

"ఇన్నాళ్ళూ నీకు అన్యాయం జరిగింది" అని మొదలుపెట్టింది. నా చెవులను నేనే నమ్మలేదు. "మీ అన్నయ్య కూడా ఒప్పుకున్నారు. నిన్నూ భాగస్వామిగా చేర్చుకుంటున్నాం. ఇదిగో కాగితం. నీకొక హోదా కూడా పెట్టాం."

తీసుకుని చదివాను. ఈ టీమ్‌లో పడటాలకు శిక్షణ ఇచ్చేదీ, మ్యాట్లూ భద్రతా చూసుకునేదీ నేనే. ఆ బాధ్యత అంతా నాదే. ఏనాటి నుంచి? ఫిబ్రవరి ఒకటో తారీఖు నుంచి.

పిచ్చుక పడింది పంతొమ్మిదిన.

లాభం పంచుకునేటప్పుడు నేను గుర్తుకు రాలేదు. కుర్చీ వేసేటప్పుడు గుర్తుకు రాలేదు. నింద మొయ్యాల్సి వచ్చేసరికి, ఎంత ముద్దుగా, పళ్ళతో సహా, ముందు తారీఖుతో సహా గుర్తుకొచ్చాను! తిలా పాపం తలా పిడికెడు అంటారు. వీళ్ళు పిడికెడు కూడా ఉంచుకోకుండా బుట్ట మొత్తం నా నెత్తిన పెడుతున్నారు.

"దెబ్బ పడటం నాకొచ్చు వదినా. మాట పడటం రాదు" అన్నాను.

"దీన్ని ఇంత పెద్దది చేస్తావేంటి? ఊరికే కాగితం..."

"మొన్న నువ్వే అన్నావుగా, ఇంటి మనుషుల మధ్య కాగితాలేంటని."

అన్నయ్య నేల చూపులు చూస్తున్నాడు. వాడినే అడిగాను. "ఈ తారీఖు ఎవరు రాశారు? నీకు తెలుసా తెలియదా? అది చెప్పు చాలు."

"తెలుసు" అన్నాడు.

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం వెలుగులోకి పట్టుకుని చూసింది. "పాత చిరుగుకి కొత్త దారం. బాగా కుట్టారు" అని, దాన్ని మడిచి పళ్ళ సంచీలోనే పెట్టి, సంచీ వదిన చేతికిచ్చింది. ఒక్క పండు కూడా ఉంచుకోలేదు. అత్తయ్యకు పళ్ళంటే ప్రాణం.

ఫిబ్రవరి 24, సోమవారం

ఒక్కదాన్నే లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళగానే కూర్చున్నాను.

నా డబ్బుతో నేనొచ్చానని ముందే చెప్పాను. ఆవిడ, "మీ అన్నగారి తరఫున పని చేస్తున్నాను కాబట్టి ఆయన రహస్యాలు మీకు చెప్పను, మీవి ఆయనకి చెప్పను. అందరికీ పనికొచ్చే దారి ఉంటే మాట్లాడదాం" అంది. సూటి మనిషి. ఆ ముందు తారీఖు కాగితం తన చేతి రాత కాదని మాత్రం గట్టిగా చెప్పింది. అది చూస్తే థియేటర్ వాళ్ళే పారిపోతారట.

"కొత్తగా కంపెనీ పెడితే పిచ్చుక సంగతి కొట్టుకుపోతుందా?" అని అడిగాను.

"పోదు. జరిగిపోయినదానికి అప్పటి భాగస్వాములిద్దరే జవాబు చెప్పాలి. పేరు మార్చుకున్నంత మాత్రాన చేసింది చెరిగిపోదు."

"మంచిది. పోకూడదనే అడిగాను."

ఆవిడే అడిగింది, ఎంత వాటా కావాలని. నిన్నంతా అదే ఆలోచించాను. సగం అడగాలి, కాదు మూడోవంతు, కాదు వాళ్ళకంటే ఒక పాలు ఎక్కువ. తీరా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"నేను సరే అనకుండా ఎవరూ పడకూడదు. అది రాయొచ్చా?"

ఆవిడ కళ్ళజోడు తీసింది. "రాయొచ్చు. కంపెనీ నియమాల్లో పెట్టొచ్చు. ఏ అంశంలోనైనా ఎవరైనా పడాలంటే మీ అనుమతి ఉండాలి, మీరు కాదంటే ఎవరూ దాన్ని దాటకూడదు అని. మిగతా అందరూ ఒప్పుకుని సంతకం పెడితేనే."

"పిచ్చుకకి వాటా. ప్రాణం పణంగా పెట్టే ప్రతివాళ్ళకీ వాటా, బీమా. అందరూ పడటం నేర్చుకోవాలి. తన్నేవాళ్ళతో సహా."

"అదీ రాయాలా?" నవ్వింది.

"ముందు అదే రాయండి."

ఫిబ్రవరి 26, బుధవారం

గోదాంలో అందరం కూర్చున్నాం. మ్యాట్ల మీదే, గుండ్రంగా. పిచ్చుక కట్టుతో వచ్చింది, పక్కన వాళ్ళమ్మ. లాయరమ్మ చెప్పులు విప్పి మూలన కూర్చుని కొత్త కంపెనీ నియమాలు చదివింది.

నా షరతు దగ్గరికి రాగానే అన్నయ్య లేచాడు. "నా షోలో తన్నాలంటే నేను దీన్ని అడగాలా?"

"తన్నడానికి అక్కర్లేదు. ఎవరినైనా పడెయ్యడానికి అడగాలి."

"నేను పుట్టించిన టీమ్ ఇది!"

"పుట్టించినవాడివి దాని మెడ విరవకు."

"పిల్ల ముందు అలాంటి మాటలు..."

"పిల్ల మెడ కిందే విరిగింది అన్నయ్యా. దాని ముందు కాక ఇంకెవరి ముందు మాట్లాడాలి?"

కర్ర మధ్యలో దూరాడు. తనకు వాటా వద్దు, జీతం చాలు, జరిగినదానికి తన వంతు కడతాడట, ఇకపై ఎక్కడా సంతకం మాత్రం పెట్టడట. కార్డులు ఏం చేస్తావురా అని ఎవరో అడిగితే వెనక వైపు ఖాళీగానే ఉంది కదా అన్నాడు. అంత కోపంలోనూ నవ్వు వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

అన్నయ్య విసురుగా బయటికి నడిచాడు. సంగతి చెడిందనుకున్నాను. అప్పుడు వదిన, అదే వదిన, లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి అందరికీ వినిపించేలా అంది, "వెళ్ళండి, వెళ్ళండి. ఈ భాగస్వామ్యంలోనే ఉండండి. ఇంకొకళ్ళు పడితే ఇల్లు పోతుంది. ఆ ఇంట్లో నేను కూడా ఉంటున్నాను. నేను ఎక్కడికి పోవాలో అది కూడా చెప్పి వెళ్ళండి."

వాడు ఆగిపోయాడు.

నా కోసం కాదు. న్యాయం కోసం కాదు. పిచ్చుక కోసం అసలే కాదు. ఇల్లు పోతుందని. అయినా ఆ మాట చెప్పడానికి వదిన తప్ప ఇంకెవరూ లేకపోయారు. దానికీ ఒళ్ళు మండింది నాకు. ఇన్ని నిజాలు నేను అరిస్తే కదలనివాడు, ఒక్క ఇటుక పేరెత్తితే కదిలాడు.

వెనక్కి వచ్చి కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. "రాయండి" అన్నాడు లాయరమ్మతో.

ఫిబ్రవరి 28, శుక్రవారం

థియేటర్ వాళ్ళు ఇంకొన్ని రోజులు గడువిచ్చారు. మేనేజర్ నాతోనే మాట్లాడాడు. "నిలబడే అంశం ఉంటుంది కదండీ?" అన్నాడు. ఉంటుంది, కానీ దానికి విడిగా పేరు వెయ్యాలి, అది నా అంశం అన్నాను. ఆయన మళ్ళీ నవ్వాడు. ఈ మనిషికి నేనేం చెప్పినా నవ్వొస్తుంది.

మార్చి 7, శుక్రవారం

కంపెనీ సంతకాలయ్యాయి. అన్నయ్యా నేనూ డైరెక్టర్లం. పిచ్చుకది కుడిచెయ్యి బాగానే ఉంది కాబట్టి పెద్ద సంతకం పెట్టింది, సగం కాగితం ఆక్రమించింది. వాళ్ళమ్మకు ఇవ్వాల్సింది అన్నయ్యా కర్రా పాత భాగస్వాములుగా విడిగా రాసిచ్చారు. మ్యాట్ల సంగతి నేను చెప్పి ఉండాల్సిందని ఇవాళ పిచ్చుకతో అన్నాను. "అవునక్కా, చెప్పాల్సింది" అంది. పర్లేదు అంటుందనుకున్నాను. అనలేదు. మంచిది.

అన్నయ్య నాతో మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు. డైరెక్టర్లిద్దరం మధ్యలో వదినను పెట్టుకుని కబుర్లు పంపుకుంటున్నాం.

మార్చి 12, బుధవారం

అందరూ పడటం నేర్చుకోవాలన్న నియమం ఇవాళ మొదలైంది. ముందు అన్నయ్య. వరస నేను పెట్టలేదు, వాడే ముందుకొచ్చాడు. రాకపోతే చిన్నతనం కదా.

బల్ల ఎక్కి నిలబడ్డాడు. మోకాలి ఎత్తు బల్ల. పిచ్చుక లాంటివాళ్ళు తింటూ మాట్లాడుతూ పడే బల్ల. టీమంతా చుట్టూ నిలబడి చూస్తోంది. వాడు వెనక్కి తిరిగి, చేతులు చాచి, ఎంతసేపటికీ కదల్లేదు.

"గడ్డం గుండెకి ఆనించు" అన్నాను. రెండు వారాల తర్వాత వాడితో నేను మాట్లాడిన మొదటి మాట.

పడ్డాడు. పడటం కాదది, బస్తా జారినట్టు. నడుము ముందు తగిలింది. లేవడానికి చెయ్యి ఎవరూ ఇవ్వలేదు, నేను ఇవ్వొద్దన్నాను. రెండోసారి పడ్డాడు. మూడోసారి కాస్త నయం. పైకప్పు చూస్తూ అలాగే పడుకుండిపోయాడు. "వెనక ఏముందో కనిపించదు కదే" అన్నాడు, నాకొక్కదానికే వినపడేలా.

"కనిపించదు."

ఎవరో వెనక నుంచి కిసుక్కుమన్నారు. కర్రే అయ్యుంటాడు. అన్నయ్య ఒక్క ఉదుటున లేచాడు. కుంటుకుంటూ బాల్కనీ మెట్లెక్కాడు. పైకెళ్ళి రెయిలింగు దాటి అంచు మీద నిలబడ్డాడు. పిచ్చుక పడ్డ అంచు మీదే.

"ఆ పిల్లని నేనే కదా ఎక్కించింది. నేను పడలేనా?" అన్నాడు. గొంతు గోదాం అంతా మోగింది. కింద మ్యాట్లు కూడా సరిగ్గా లేవు.

"వద్దు" అన్నాను.

"నేను అడగలేదు."

"అడగాలి. సంతకం పెట్టావు."

వాడి వేళ్ళు రెయిలింగు మీద తెల్లబడటం కింది నుంచే కనిపిస్తోంది. జీవితంలో ఒక్కసారి కూడా నా మాట విన్న మనిషి కాదు. ఇప్పుడు వినకపోతే ఆ కాగితాలు, ఆ నియమాలు, ఆ లాయరమ్మ, అన్నీ ఊరికే. ఇంకోసారి వద్దు అనలేదు. ఒకసారి అన్నాక రెండోసారి అంటే బతిమాలినట్టవుతుంది.

వాడు పైనుంచి నా వైపు చూశాడు. ఫిబ్రవరి తర్వాత మొదటిసారి.

రెయిలింగు మళ్ళీ దాటాడు. ఒక్కో మెట్టూ పట్టుకుని దిగివచ్చాడు.